దక్షిణ జర్మనీ తొలి రైళ్లు: సరిహద్దు కోసం వంకర తిరిగిన పట్టాలు, వాటి మీద ఉన్న ఊళ్లు

బ్రెంజ్‌లోయ:
అందరికీ నమస్కారం. నేను హైడెన్‌హైమ్‌లో ఉంటున్నాను. స్టుట్‌గార్ట్‌కి తూర్పున, బవేరియా సరిహద్దుకి దగ్గరగా ఉండే ఊరు. ఇక్కడి నుంచి ఉల్మ్ సుమారు 50 కిలోమీటర్లు. ఉల్మ్‌లో మ్యూనిక్ వైపు, స్టుట్‌గార్ట్ వైపు పెద్ద పెద్ద బండ్లు దొరుకుతాయి. మా లైను మాత్రం చాలా భాగం సింగిల్ ట్రాకే. కరెంటు లేదు, డీజిల్ బండే. ఎదురు బండి లేటయితే క్రాసింగ్ కోసం మమ్మల్ని ఏదో చిన్న స్టేషన్లో నిలబెట్టేస్తారు. ఉల్మ్‌లో కనెక్షన్ పోతుందేమోనని ప్రతిసారీ టెన్షనే.

ఇంత ఫ్యాక్టరీల ఊరికి ఇలాంటి లైను ఏమిటని ఆఫీసులో అడిగితే, మా సీనియర్ ఒకాయన "దీని మూలం 1861లో ఉంది, రెండు రాజ్యాల మధ్య ఒప్పందం" అన్నారు. అంతకుమించి ఆయనకీ తెలియదు. ఇక్కడ జర్మనీ రైల్వే చరిత్ర చదివినవాళ్లు ఉన్నారు కదా, ఆ సంగతేమిటో వివరంగా చెప్పగలరా?

పాతపటాలు:
మంచి ప్రశ్న అడిగారు. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. రైళ్లు వచ్చిన రోజుల్లో జర్మనీ అనే దేశమే లేదు. దక్షిణాన బవేరియా రాజ్యం, వ్యుర్టెంబర్గ్ రాజ్యం, బాడెన్ గ్రాండ్ డచీ వేర్వేరుగా ఉండేవి. ఎవరి ఖజానా వారిది, ఎవరి రైల్వే వారిది. జర్మన్ సామ్రాజ్యం ఏర్పడింది 1871లో. అప్పటికి దక్షిణాన ముఖ్యమైన లైన్లు చాలావరకు పడిపోయాయి.

ఇక మీ లైను సంగతి. వ్యుర్టెంబర్గ్ వాళ్లు స్టుట్‌గార్ట్ పక్కనున్న కాన్‌స్టాట్ నుంచి రెమ్స్ లోయ మీదుగా 1861లో ఆలెన్ దాటి వాసరాల్ఫింగెన్ దాకా లైను వేశారు. దాన్ని బవేరియాలోని నోర్డ్‌లింగెన్ వరకూ పొడిగించి, అక్కడ బవేరియా రైల్వేతో కలపాలని వాళ్ల కోరిక. అందుకు బవేరియా ఒప్పుకోవాలి. బవేరియాకేమో ఒక భయం ఉంది. ఉత్తరం నుంచి కాన్‌స్టాన్స్ సరస్సుకి వెళ్లే సరుకంతా అప్పటిదాకా నూరెంబర్గ్, నోర్డ్‌లింగెన్, ఆగ్స్‌బర్గ్ మీదుగా బవేరియా పట్టాల మీదే లిండావ్ రేవుకి చేరేది. ఆలెన్ నుంచి హైడెన్‌హైమ్ మీదుగా ఉల్మ్‌కి లైను పడితే ఆ సరుకు నోర్డ్‌లింగెన్ దగ్గరే పక్కకి మళ్లి, వ్యుర్టెంబర్గ్ పట్టాల మీద వాళ్ల రేవు ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కి పోతుంది. దారి కూడా దగ్గర.

అందుకని 1861 ఒప్పందంలో బవేరియా ఒక షరతు రాయించుకుంది. 12 ఏళ్ల దాకా బ్రెంజ్ లోయ గుండా ఉల్మ్‌కి లైను వేయకూడదు. వ్యుర్టెంబర్గ్ సరేనంది. ఆలెన్ నుంచి వచ్చిన పట్టాలు 1864లో మీ హైడెన్‌హైమ్‌లో ఆగిపోయాయి. అవి ఉల్మ్ చేరింది 1876లో. ఈలోపు ఉత్తర దక్షిణ రవాణా అంతా వేరే దారులకి అలవాటు పడిపోయింది. తర్వాత లైను వచ్చినా మెయిన్ లైను హోదా రాలేదు. మీరు క్రాసింగ్‌లో కూర్చోవడానికి మొదటి కారణం అదే.

బ్రెంజ్‌లోయ:
12 ఏళ్లు! నా కిటికీలోంచి చూస్తే ఆ లైను కనిపిస్తుంది. ఇన్నాళ్లూ కొండలు, లోయలు అడ్డం అనుకున్నాను. బ్రెంజ్ లోయ చూస్తే చదునుగానే ఉంటుంది మరి. చాలా థాంక్సండీ.

నూరెంబర్గ్_నుంచి:
మొదటి లైను మా ఊరిది కదా, దాని గురించి నేను రాస్తాను. 1835 డిసెంబర్ 7న నూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కి బండి నడిచింది. దూరం 6 కిలోమీటర్లే. జర్మనీలో ఆవిరి ఇంజిన్‌తో ప్రయాణికులను తీసుకెళ్లిన మొదటి రైల్వే ఇది. పేరు రాజుగారిదే, లుడ్‌విగ్ రైల్వే. డబ్బు మాత్రం రాజుగారిది కాదు. గేయోర్గ్ ప్లాట్‌నర్ అనే వర్తకుడు, యోహానెస్ షారర్ అనే నగర పెద్ద కలిసి వ్యాపారుల చేత షేర్లు కొనిపించారు. రాజు లుడ్‌విగ్‌కి అప్పట్లో మోజంతా మైన్, డాన్యూబ్ నదులను కలిపే కాలువ మీద ఉండేది. దాదాపు 100 లాకులతో ఆ కాలువ 1846లో పూర్తయ్యేసరికి రైళ్లు దాన్ని దాటిపోయాయి.

ఇంజిన్ పేరు ఆడ్లర్, అంటే డేగ. ఇంగ్లాండ్‌లోని న్యూకాసిల్‌లో రాబర్ట్ స్టీఫెన్సన్ కంపెనీ తయారుచేసింది. భాగాలు విప్పి 19 పెట్టెల్లో పెట్టి ఓడలో రోటర్‌డామ్‌కి, అక్కడి నుంచి రైన్ నది మీద కొంత దూరం, మిగతాది బండ్ల మీద తెచ్చారు. ఊళ్లోని ఒక వర్క్‌షాపులో మళ్లీ బిగించారు. నడపడానికి విలియం విల్సన్ అనే ఇంగ్లీషాయన ఇంజిన్‌తో పాటే వచ్చాడు. కొన్నాళ్లకి వెళ్లిపోవాల్సిన మనిషి, చనిపోయేదాకా నూరెంబర్గ్‌లోనే ఉండిపోయాడు. ఆయన జీతం రైల్వే డైరెక్టర్ జీతం కంటే ఎక్కువని చెబుతారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ లైను మీద ఎక్కువ బండ్లు లాగింది గుర్రాలు! బొగ్గు సాక్సనీ నుంచి రావాలి, అప్పటికి అక్కడి నుంచి రైలు లేదు, ఖరీదు విపరీతం. అందుకని రోజుకి కొన్ని ట్రిప్పులే ఇంజిన్‌తో, మిగతావన్నీ గుర్రాలతో నడిపారు. గుర్రాలను పూర్తిగా మానేసింది 1862లో. సరుకు రవాణా కూడా మొదట్లో లేదు. 1836లో నూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కి రెండు చిన్న పీపాల బీరు పంపారు, అదే తొలి సరుకు.

గుంతకల్లు_గార్డు:
నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కుటుంబం స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఈ లైన్లు కొన్ని చూశాను. రెండు మాటలు చెబుతాను.

ఒకటి, గేజు. బాడెన్ వాళ్లు 1840లో మాన్‌హైమ్ నుంచి హైడెల్‌బర్గ్‌కి మొదటి లైను వేసినప్పుడు 1600 మిల్లీమీటర్ల గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, పెట్టుకున్నారు. చుట్టూ ఉన్న రాజ్యాలన్నీ 1435 మిల్లీమీటర్లు వేశాయి. దాంతో బాడెన్ ఒంటరిదైపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ వైపు నుంచి హైడెల్‌బర్గ్‌కి వచ్చిన లైనుదీ 1435, తర్వాత వ్యుర్టెంబర్గ్ నుంచి బ్రుఖ్‌జాల్‌కి వచ్చినదీ 1435. రెండు గేజులు కలిసే చోట ఒక బండిలో సరుకు దింపి ఇంకో బండిలో ఎక్కించాలి. మా గుంతకల్లులో బ్రాడ్ గేజు, మీటర్ గేజు రెండూ ఉన్న కాలం నేను చూశాను. ట్రాన్‌షిప్‌మెంట్ షెడ్డులో ఒక్క వ్యాగన్ బస్తాలు మార్చాలంటే ఎంతమంది కూలీలు కావాలో, ఎన్ని బస్తాలు చిరుగుతాయో నాకు తెలుసు. బాడెన్ వాళ్లు 1854, 1855 సంవత్సరాల్లో మొత్తం లైనంతా పీకి 1435కి మార్చేశారు. అప్పటికి రైన్ లోయ పొడవునా ఫ్రైబర్గ్ దాటి చాలా దూరం పట్టాలు పడి ఉన్నాయి. బండ్లు నడుస్తూ ఉండగానే అంత పని అంత తొందరగా చేయడం మామూలు విషయం కాదు.

రెండోది, గైస్లింగెన్ ఎక్కుడు. స్టుట్‌గార్ట్ నుంచి ఉల్మ్ వెళ్లే పాత లైను అక్కడ ష్వేబియన్ ఆల్బ్ కొండ ఎక్కుతుంది. 1850లో పూర్తయింది. ఐదున్నర కిలోమీటర్లలో 112 మీటర్ల ఎత్తు. ప్రతి 1000 మీటర్లకి 22.5 మీటర్లు ఎక్కాలి. ఇంజిన్లకి పళ్ల చక్రాలు పెట్టకుండా, తాళ్లతో లాగకుండా, మామూలు చక్రాలు పట్టాల మీద జారకుండా ఇంత ఎక్కగలవా అని అప్పట్లో నిపుణులకే అనుమానం. మిషాయెల్ నోల్ అనే ఇంజనీరు ఎక్కించి చూపించాడు. బరువు బండి వస్తే గైస్లింగెన్ స్టేషన్లో వెనక నుంచి బ్యాంకర్ ఇంజిన్ తగిలించేవాళ్లు. నేను వెళ్లినప్పుడు ఆ స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర నిలబడి చూశాను. స్టేషన్ దాటగానే పట్టా ఒక్కసారిగా పైకి లేస్తుంది, కంటికే తెలిసిపోతుంది. చెట్ల మధ్య కొండ అంచునే పోతుంది. ఇంజిన్ గొంతు మారడం స్పష్టంగా వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నాక సర్వీసు రోజులు గుర్తుకొచ్చి కాసేపు అక్కడే ఉండిపోయాను.

పాతపటాలు:
గార్డు గారూ, గైస్లింగెన్ గురించి మీరు రాసినదానికి ఒక ముక్క కలుపుతాను. ఆ లైను కట్టేటప్పుడు అక్కడ డానియెల్ స్ట్రౌబ్ అనే పిండిమర యజమాని ఉండేవాడు. రైల్వే పనివాళ్ల పనిముట్లు బాగుచేసే వర్క్‌షాపు పెట్టాడు. లైను పూర్తయినా వర్క్‌షాపు మూయలేదు. 1853లో భాగస్వాములతో కలిసి లోహపు సామాన్ల ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. ఈనాటి డబ్ల్యూఎంఎఫ్ మూలం అదే. జర్మనీలో ఉండే మనవాళ్ల వంటిళ్లలో ఆ గిన్నెలు, స్పూన్లు కనిపిస్తూనే ఉంటాయి. ఎత్తు ఎక్కడానికి బండ్లు ఆగాల్సిన చోటు కాబట్టి ఆ ఊరికి రైల్వే దగ్గరైంది.

సాంకేతిక_రవి:
చర్చ బాగుంది కానీ ఒక అభ్యంతరం. ప్రతిదానికీ రాజ్యాల పోట్లాటే కారణమంటే నాకు నమ్మకం కలగడం లేదు. నేను సివిల్ ఇంజనీర్‌ని. కొండ ఉంటే లైను వంగుతుంది, నది ఉంటే నది పక్కన పోతుంది. దక్షిణ జర్మనీ అంతా కొండలే. బవేరియాలో నోయెన్‌మార్క్ట్ దగ్గర షీఫె ఎబెనె అనే రైలు ఎక్కుడు ఉంది చూడండి. 1848లో పూర్తయింది. దాదాపు 7 కిలోమీటర్లలో 158 మీటర్లు, 40కి 1 వాలు. సొరంగం ఒక్కటి కూడా లేదు. రాళ్లు పేర్చి, 30 మీటర్లు దాటే కట్టలు పోసి ఎక్కించారు. అక్కడ సరిహద్దు గొడవ ఏముంది? ఉన్నదంతా నేలే.

కార్ల్స్‌రూహె_విద్యార్థిని:
రవి గారూ, షీఫె ఎబెనె విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. బ్లాక్ ఫారెస్ట్ రైల్వే విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ఓఫెన్‌బర్గ్ నుంచి జింగెన్ దాకా ఉన్న లైను. ఇంజనీరు రోబర్ట్ గెర్విగ్. ఆయన ముందు రెండు మూడు దారులు ఉన్నాయి. వాటిల్లో సులువైనది, ఖర్చు తక్కువైనది షిల్టాహ్ మీదుగా పోయే దారి. కానీ ఆ దారి ష్రాంబెర్గ్ అనే ఊరి గుండా పోవాలి. ష్రాంబెర్గ్ వ్యుర్టెంబర్గ్‌లో ఉంది. బాడెన్ ప్రభుత్వానికి తన లైను పరాయి నేల మీద పోవడం ఇష్టం లేదు. అందుకని మొత్తం బాడెన్ నేల మీదే ఉండే దారి తీసుకున్నారు. హోర్న్‌బెర్గ్, ట్రిబెర్గ్, సాంక్ట్ గేయోర్గెన్ మీదుగా, అన్నిటికన్నా కష్టమైన దారి.

హోర్న్‌బెర్గ్ నుంచి సాంక్ట్ గేయోర్గెన్‌కి పక్షిలా ఎగిరిపోతే 11 కిలోమీటర్లు. రైలు 26 కిలోమీటర్లు తిరుగుతుంది, 448 మీటర్లు పైకెక్కుతుంది. నేను ఆ బండిలో వెళ్లాను. ట్రిబెర్గ్ దగ్గర కిటికీలోంచి కిందికి చూస్తే లోయలో ఇంకో పట్టా కనిపించింది. అదెవరి లైనా అనుకుంటుంటే పక్కనున్న పెద్దావిడ చెప్పారు, కాసేపటి క్రితం మనం వచ్చిన పట్టా అదేనని. కొండని రెండుసార్లు చుట్టి, సొరంగంలో తిప్పి, వాలు 1000కి 20 దాటకుండా ఎక్కించాడు గెర్విగ్. ఈ అనుభవం తర్వాతే ఆయన్ని స్విట్జర్లాండ్‌లో గోట్‌హార్డ్ లైనుకి పిలిచారు. 1873లో ఈ లైను మొత్తం తెరిచారు.

మరి ష్రాంబెర్గ్ సంగతి? గడియారాల యుంగ్‌హాన్స్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. అలాంటి ఊరికి 1892లో గాని రైలు రాలేదు. అదీ షిల్టాహ్ నుంచి చిన్న బ్రాంచి లైను.

సాంకేతిక_రవి:
ష్రాంబెర్గ్ ఉదాహరణ బలమైనదే, కాదనను. కానీ ఇంకో వైపు కూడా చూడండి. రోటెన్‌బర్గ్ పూర్తిగా బవేరియా లోపల ఉంది. అన్స్‌బాహ్ నుంచి వ్యుర్ట్స్‌బర్గ్‌కి 1864లో బవేరియా వాళ్లే వేసిన లైను ఆ ఊరికి తూర్పుగా స్టైనాహ్ మీదుగా వెళ్లిపోయింది. రోటెన్‌బర్గ్‌కి స్టైనాహ్ నుంచి బ్రాంచి వచ్చింది 1873లో. అక్కడ రెండు రాజ్యాలు లేవు, ఒప్పందమూ లేదు. దీన్ని ఏమంటారు?

పాతపటాలు:
డబ్బు అంటాను. మెయిన్ లైన్ల మార్గం చాలా చోట్ల సరిహద్దులను బట్టి తేలింది. బ్రాంచి లైన్లు మాత్రం ఊరి వాళ్ల జేబును బట్టి తేలాయి. బవేరియా 1869లో ఒక చట్టం చేసింది. చిన్న లైను కావాలంటే భూమి కొనడం, మట్టి పని చేయించడం ఆ ప్రాంతం వాళ్లే భరించాలి. అప్పుడు పట్టాలు, బండ్లు ప్రభుత్వం పెడుతుంది. ఆ డబ్బు కూడగట్టుకోగలిగిన ఊళ్లకి ముందు రైలొచ్చింది. 1872లో గేయోర్గెన్స్‌గ్మ్యుండ్ నుంచి ష్పాల్ట్‌కి లైను పడింది. ష్పాల్ట్ బీరులో వేసే హాప్స్ పంట ఊరు, పంట బయటికి పోవాలి కాబట్టి రైలు కావాలి. అదే ఏడాది ష్వాబెన్ నుంచి ఎర్డింగ్‌కి వేసిన లైను మీద ఇప్పుడు మ్యూనిక్ ఎస్-బాన్, అంటే నగరపు లోకల్ రైలు, నడుస్తోంది. డబ్బు పెట్టలేని ఊళ్లు 1880లలో నిబంధనలు సడలించే దాకా ఎదురుచూశాయి.

వ్యుర్టెంబర్గ్‌లో ఇంకో పద్ధతి. కిర్హ్‌హైమ్ ఊరిని మెయిన్ లైను వదిలేస్తే, ఊరి వాళ్లే కంపెనీ పెట్టుకుని 1864లో సొంత లైను వేసుకున్నారు. ఆ రాజ్యంలో తొలి ప్రైవేటు రైల్వే అది.

రైలు వద్దని ఊరి పెద్దలు అడ్డుపడ్డారనే కథ చాలా ఊళ్లలో చెబుతారు. నేను చదివినంతవరకు రైలు మా ఊరికి కావాలంటూ ప్రభుత్వానికి వెళ్లిన అర్జీలే ఎక్కువ. సొంత డబ్బుతో లైను వేసుకున్న కిర్హ్‌హైమ్ లాంటి ఊళ్లను చూస్తే నాకు ఆ వద్దన్న కథల మీద పెద్దగా నమ్మకం లేదు.

కార్ల్స్‌రూహె_విద్యార్థిని:
డబ్బు మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి చెప్పాలి. కార్ల్స్‌రూహె నగరం తన సొంత ఖర్చుతో బ్రెటెన్ మీదుగా ఎపింగెన్ దాకా ఒక లైను వేసింది, 1879లో. వంద ఏళ్లకి ఆ లైను నీరసించిపోయింది. 1992లో కార్ల్స్‌రూహె వాళ్లు ట్రామునే పట్టాల మీదికి ఎక్కించారు. ఊళ్లో 750 వోల్టుల డీసీ మీద నడిచే బండి, ఊరి బయట రైల్వే వాళ్ల 15,000 వోల్టుల ఏసీ మీద అదే నడుస్తుంది. ఊరి నడిబజారులో ఎక్కి దిగకుండా బ్రెటెన్ దాకా పోవచ్చు. మేం కాలేజీకి వెళ్లేది అందులోనే. ట్రామ్-ట్రైన్ చదువుకునేవాళ్లకి ఇది ప్రపంచమంతా చూపించే ఉదాహరణ.

ఆల్ప్స్_అంచు:
15,000 వోల్టుల ఏసీ అన్నారు కదా, దానికీ ఒక చిన్న లైను కథ ఉంది. మూర్నావ్ నుంచి ఓబర్‌అమర్‌గావ్‌కి 1900లో లోకల్ లైను పడింది. పదేళ్లకోసారి ఆ ఊళ్లో క్రీస్తు కథ నాటకం ఆడతారు, వేలమంది వస్తారు. మొదట వేరే రకం కరెంటుతో నడపాలని చూస్తే కుదరలేదు. 1905 జనవరి 1 నుంచి సింగిల్ ఫేజ్ ఏసీ కరెంటు, 5,500 వోల్టులు, 16 హెర్ట్జ్‌తో రోజూ నడిపారు. జర్మనీలో ఈ పద్ధతిలో మామూలు సర్వీసు నడిచిన మొదటి లైను ఇదే. కరెంటు పక్కనున్న అమర్ నది మీద కమెర్ల్ జలవిద్యుత్ కేంద్రం నుంచి వచ్చేది. ఇప్పటి జర్మన్ మెయిన్ లైన్ల ఫ్రీక్వెన్సీ 16.7 హెర్ట్జ్. ఒక పల్లె లైనులో నడిపి చూసిన పద్ధతికి వారసులే ఈ ఐసీఈ హైస్పీడ్ బండ్లన్నీ.

బ్రెంజ్‌లోయ:
ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు. ఇంకొక్క సందేహం. మూడు రాజ్యాలు మూడు రైల్వేలు అంటే టైం కూడా వేర్వేరుగా ఉండేదా?

పాతపటాలు:
ఉండేది. బవేరియా బండ్లు మ్యూనిక్ టైం, వ్యుర్టెంబర్గ్ బండ్లు స్టుట్‌గార్ట్ టైం, బాడెన్ బండ్లు కార్ల్స్‌రూహె టైం. మ్యూనిక్‌కీ స్టుట్‌గార్ట్‌కీ తేడా సుమారు 10 నిమిషాలు. మీ ఉల్మ్ వ్యుర్టెంబర్గ్‌ది, డాన్యూబ్ దాటితే నోయ్-ఉల్మ్, అది బవేరియాది. వంతెన దాటితే రైల్వే టైం 10 నిమిషాలు ముందుకి జరగాలి. కాన్‌స్టాన్స్ సరస్సు దగ్గర ఇంకా కష్టం. ఆ సరస్సు ఒడ్డున బాడెన్, వ్యుర్టెంబర్గ్, బవేరియా, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, అయిదు రాజ్యాలు, అయిదు టైములు. ఒక ఒడ్డున రైలు దిగి స్టీమరెక్కి ఇంకో ఒడ్డున రైలు పట్టుకోవాలంటే లెక్క వేసుకోవాలి. 1893 ఏప్రిల్ 1 నుంచి జర్మనీ అంతటికీ చట్టప్రకారం ఒకే టైం వచ్చింది.

గుంతకల్లు_గార్డు:
గార్డుగా నాకు ఇది అన్నిటికన్నా భయంగా అనిపించింది. సింగిల్ లైను మీద క్రాసింగ్ పెట్టేటప్పుడు నిమిషం కూడా ముఖ్యమే. సరిహద్దు స్టేషన్లో పనిచేసిన స్టేషన్ మాస్టర్లు రెండు గడియారాలు చూసుకుంటూ డ్యూటీ చేశారంటే వాళ్లకి దండం పెట్టాలి.

నూరెంబర్గ్_నుంచి:
సరిహద్దు కోసం చుట్టూ తిరిగిన లైన్లలో అన్నిటికన్నా పెద్దది వూటాహ్ లోయది, అది రాయకపోతే ఈ చర్చ నిండదు. 1890లో పూర్తయింది. సైన్యం అడిగి వేయించిన లైను. అంతకు ముందున్న దారి స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్ మీదుగా పోయేది, యుద్ధం వస్తే తటస్థ దేశం గుండా సైన్యాన్ని, ఫిరంగులను పంపలేరు. అందుకని స్విస్ నేల తగలకుండా కొండల్లో వేశారు. బరువు బండ్లు పోవాలి కాబట్టి వాలు 1000కి 10 దాటకూడదన్నారు. దాంతో వైట్సెన్ నుంచి బ్లుమ్‌బెర్గ్‌కి నేరుగా 9.6 కిలోమీటర్లుండే దూరం పట్టాల మీద 25.6 కిలోమీటర్లయింది. మధ్యలో స్టాక్‌హాల్డె అనే సొరంగం కొండ లోపలే గుండ్రంగా ఒక చుట్టు తిరుగుతుంది, 1700 మీటర్లు. అంత ఖర్చు పెట్టి వేసినా మామూలు రవాణాకి పెద్దగా ఉపయోగపడలేదు. 1977 నుంచి మ్యూజియం బండ్లు నడుపుతున్నారు.

సాంకేతిక_రవి:
వాలు 10కి పరిమితం చేసి దూరం రెండున్నర రెట్లు పెంచుకోవడం! దీనికి మాత్రం నేల కారణం కాదని ఒప్పుకుంటున్నాను. ఇది చూడాలి. బ్రెంజ్‌లోయ గారూ, వేసవిలో కలిసి వెళ్దామా?

బ్రెంజ్‌లోయ:
తప్పకుండా వెళ్దాం అన్నా. ష్రాంబెర్గ్ కూడా చూడాలని ఉంది. అక్కడికి రైలుందా?

కార్ల్స్‌రూహె_విద్యార్థిని:
ష్రాంబెర్గ్‌కి ఇప్పుడు రైలు లేదండీ, ఆ బ్రాంచి లైను మూసేశారు. హౌసాహ్‌లో బండి మారి షిల్టాహ్ దాకా రైల్లో రండి, అక్కడి నుంచి బస్సు ఉంటుంది. వూటాహ్ ఆవిరి బండ్లు సీజన్లో కొన్ని రోజులే నడుస్తాయి, తేదీలు చూసుకుని ముందే టికెట్లు తీసుకోండి. మీరిద్దరూ వచ్చేట్టయితే మా స్నేహితులం కొంతమందిమి కార్ల్స్‌రూహె నుంచి బయల్దేరి ఓఫెన్‌బర్గ్‌లో కలుస్తాం. అక్కడి నుంచి ట్రిబెర్గ్ మీదుగా వెళ్దాం.